భాకరాపేట ఘాట్‌లో పరాయి బండి

షోరూం వాళ్లిచ్చే ట్రయల్ మీద మా అన్నకు బొత్తిగా నమ్మకం లేదు. తుడిచి మెరిపించిన ఖాళీ బండి, గతుకుల్లేని బైపాసు, పక్క సీట్లో ఇస్త్రీ చొక్కా పిల్లోడు. ఆ లెక్కన నడిపితే ఏ బండైనా బాగానే పోతుందంటాడు. ఆయన దృష్టిలో పికప్‌ని చూడటమంటే టన్ను పైన బరువు వేసి, కొండ ఎక్కించి, దించి, ఆపాక బానెట్ ఎత్తి వాసన పట్టడం. అందుకే తిరుపతి షోరూం నుంచి "వచ్చి ఒక రౌండు నడిపి చూడండన్నా" అని ఫోన్ వస్తే, "రౌండ్లు కొట్టేదానికి నాకు టైం లేదబ్బా. లోడేసి భాకరాపేట ఘాట్ ఎక్కిస్తానంటే చెప్పు, వస్తా" అన్నాడు. వాళ్లు పైవాళ్లని అడిగి చెప్తామన్నారు. చివరికి సరేనన్నారు. అప్పుడు నేను ఊళ్లోనే ఉన్నాను కాబట్టి నేనూ బయల్దేరాను.

మాది మదనపల్లె పక్కన పల్లె. ఇంట్లో రెండు పికప్‌లు, రెండూ మహీంద్రా బొలెరోలు. వాటికి ముందు మా నాయన మదనపల్లె నుంచి తంబళ్లపల్లెకు సర్వీసు తిప్పిన జీపూ మహీంద్రాదే. మూడో బండి కొనాలన్నప్పుడు అన్న నోట ఇసుజు డి-మ్యాక్స్ అనే పేరొచ్చింది. అమ్మ పెళ్లి సంబంధం గురించి అడిగినట్టే అడిగింది: "వాళ్లెవురు? మనకు తెలిసినోళ్లేనా?"

తెలిసినవాళ్లే, ఒక రకంగా. పాత చిత్తూరు జిల్లాకు పడమటి అంచున మదనపల్లె ఉంటే, తూర్పు అంచున, పులికాట్ సరస్సుకు దగ్గర్లో శ్రీసిటీ ఉంది. ఇసుజు ఫ్యాక్టరీ 2016 ఏప్రిల్‌లో అక్కడే మొదలైంది. అంటే మా జిల్లాలో పుట్టిన బండి మా ఇంట్లో పరాయిది, ముంబై కంపెనీ బండి సొంతది. ఇందులో వింతేమీ లేదు. బండి ఎక్కడ తయారైందన్నది రైతులు అడగరు. ఎక్కడ బాగుచేస్తారన్నదే అడుగుతారు.

మదనపల్లె టమాటా యార్డులో మా లోడు పొద్దుగూకేసరికి సిద్ధమైంది. కిలోకి పది రూపాయలు కూడా పలకని వారం అది. యార్డులో కేకలు తక్కువగా ఉన్నాయి. హమాలీలు క్రేట్లు అందుకుంటున్న తీరులో కూడా ఆ రేటు కనిపిస్తోంది. 2023 జూలైలో ఇదే యార్డులో కిలో వంద దాటి ఎక్కడికో పోయినప్పుడు, పికప్‌ల వెనక మనుషుల్ని కాపలా కూర్చోబెట్టి పంపించారట. మా వైపు టమాటా రేటుకూ బండ్ల షోరూములకూ ఉన్న సంబంధం విడదీయరానిది. రేటొచ్చిన ఏడాది యార్డు ముందు పూలదండలేసిన కొత్త బండ్లు వరసగా నిలబడతాయి. రాని ఏడాది అవే బండ్లు ఫైనాన్స్ వాళ్ల గోడౌన్లో దుమ్ము పట్టి ఉంటాయి.

చీకటి పడ్డాక పట్ట కట్టుకుని కదిలాం. డ్రైవరు, అన్న, నేను ముగ్గురం ముందు. బెసెంట్ థియొసాఫికల్ కాలేజీ ముందు నుంచి పోతుంటే, 1919లో టాగోర్ ఇక్కడే ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన సంగతి చెప్పబోయాను. "అదంతా బళ్లో చెప్పినారు గానీ, గమ్మునుండు పాపా, గేరు శబ్దం విననీ" అన్నాడు అన్న. రేపు పరాయి బండిని తూచాలంటే ఈరోజు సొంత బండిని చెవిలో నింపుకోవాలట. ఎన్నో ఏళ్లుగా నడుపుతున్న బండిని ఆయన ఆ రాత్రి కొత్తగా వింటున్నాడు.

ఈ దారి లెక్క ఒకటి చెప్పాలి. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు ఏడువందల మీటర్ల ఎత్తున ఉంది. తిరుపతి నూట యాభై చిల్లర. వాయల్పాడు, పీలేరు, భాకరాపేట మీదుగా నూట ఇరవై కిలోమీటర్ల చిల్లర దూరంలో బండి అర కిలోమీటరుకు పైగా కిందికి దిగాలి. టమాటాలు దిగువకే పోతాయి. వచ్చేటప్పుడు దాణా, సిమెంటు, ఎరువులు ఎగువకు వస్తాయి. అంటే మా పికప్‌లకు పోయేటప్పుడు బ్రేకుల పరీక్ష, వచ్చేటప్పుడు టార్క్ పరీక్ష. ఈ రెండింటిలో దేనికీ బైపాసులో జవాబు దొరకదు. అన్న పట్టుదల మొదట నాకు చాదస్తంలా అనిపించింది గానీ, ఈ ఎత్తుల లెక్క వేసుకున్నాక ఆయన అడిగింది చాలా మామూలు కోరికేనని తెలిసింది.

పీలేరులో టీకి ఆగాం. అక్కడ ఆగి ఉన్న పికప్‌లలో ఎక్కువ బొలెరోలే. నడుమ ఒకటి రెండు టాటాలు, అశోక్ లేలాండ్ దోస్త్‌లు. ఎందుకిలా అని డ్రైవరన్నను అడిగితే టీ గ్లాసుతోనే వేలు చూపించాడు. రోడ్డుకు ఆ పక్క స్పేర్ల అంగడి, దాని పక్కన ఎలక్ట్రీషియన్, దాని పక్కన పట్టీలు కొట్టే కొలిమి. "ఈడ క్లచ్ ప్లేటు పోయిందనుకో మేడం, అర్ధరాత్రయినా తలుపు కొడితే లేస్తాడు. ప్లేటు ఉంటాది, వేసేవాడు ఉంటాడు. టమాటా ఆగుతాదా?"

టమాటా ఆగదు. ఆ ఒక్క మాటలో మన దేశపు పికప్‌ల చరిత్ర సగం ఉంది. 1980లలో జపాన్ కంపెనీలు నాలుగు ఒకేసారి మన దేశంలోకి చిన్న లారీలతో దిగాయి. స్వరాజ్‌తో మాజ్దా, ఐషర్‌తో మిత్సుబిషి, డీసీఎంతో టయోటా, మన హైదరాబాద్ ఆల్విన్‌తో నిస్సాన్. ఆల్విన్ నిస్సాన్ లారీలు జహీరాబాద్‌లో తయారయ్యేవి. అవి చూడ్డానికి సొగసు, నడపడానికి సుఖం. కానీ 1986లో టాటా 407 వచ్చింది. ఆ రోజుల్లోనే యెన్ విలువ పెరిగిపోయి, జపాన్ నుంచి తెప్పించుకునే విడిభాగాలు మోయలేనంత ఖరీదైపోయాయి. 407కి కావలసినవన్నీ ఇక్కడివే, దాన్ని విప్పడం తెలిసిన మెకానిక్కులూ ఇక్కడివాళ్లే. నాలుగింటిలో డీసీఎం టయోటా, ఆల్విన్ నిస్సాన్ ఆ పేర్లతో ఎక్కువ కాలం నిలవలేదు. ఆల్విన్ నిస్సాన్‌ను ఆ దశాబ్దం చివర్లో తీసుకున్నది ఎవరనుకున్నారు? మహీంద్రానే. కొన్నాళ్లు మహీంద్రా నిస్సాన్ ఆల్విన్ అనే మూడు పేర్ల బండి రోడ్ల మీద తిరిగింది. ఈ కథ చెప్తే అన్న నవ్వి, "అయితే మనోళ్లకీ పరాయి సంబంధాలు ఉండాయన్నమాట" అన్నాడు.

భాకరాపేట దాటాక ఘాట్ మొదలు. తలకోన బోర్డు చీకట్లో హెడ్‌లైట్ల వెలుగుకి ఒక్కసారి మెరిసి పోయింది. రాష్ట్రంలోకెల్లా ఎత్తైన జలపాతం, 270 అడుగులు, ఆ అడవిలోపలే ఉంది. మా వాళ్లు ఆ బోర్డు పక్క నుంచి ఏడాది పొడవునా పోతూనే ఉంటారు, జలపాతం చూసినవాళ్లు తక్కువ. డ్రైవరన్న రెండో గేరులోకి దించి కాలు బ్రేకు మీద నుంచి తీసేశాడు. ఇంజను గొంతు మారింది. లోడు బండిని కిందికి తోస్తుంటే ఇంజనే దాన్ని వెనక్కి లాగి పట్టుకుంది. ఇది తెలియని కొత్త డ్రైవర్లు డీజిలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దించుతారు. రెండు మలుపులు తిరిగేసరికి బ్రేకు లైనర్లు కాలి, పెడల్ మెత్తబడి, తర్వాత ఏం జరుగుతుందో ఈ ఘాట్ లోయలకు తెలుసు. మాకు ముందు పోతున్న ఒక లారీ నుంచి ఆ కాలిన వాసన వస్తూనే ఉంది. దానికి దూరంగా, నిదానంగా దిగాం.

కింద చెక్‌పోస్టులో ఆపారు. శేషాచలం అంతా ఎర్రచందనం అడవి. సహజంగా ఆ చెట్టు పెరిగేది తూర్పు కనుమల్లో ఈ కొన్ని కొండల మీదే. కూరగాయల పికప్ అంటే దుంగలు దాచడానికి వీలైన బండి అని అధికారులకు తెలుసు. ఒకాయన పట్ట ఎత్తి, క్రేట్ల సందుల్లోకి ఇనుప కడ్డీ పోనిచ్చాడు. టమాటాలే. "పోండి" అన్నాడు. రంగంపేట, చంద్రగిరి దాటి తిరుపతి మార్కెట్లో లోడు దించేసరికి తెల్లవారింది. లాడ్జిలో స్నానం, ఇడ్లీ. ఆ ఊళ్లో ఏ వేళకైనా దొరికేవి ఆ రెండే.

షోరూంలో మాకోసం నిలబెట్టిన డి-మ్యాక్స్ తెల్లటిది, సింగిల్ క్యాబ్, వెనక చదునైన డెక్. అన్న ముందు దాని చుట్టూ తిరగలేదు, కిందికి దూరాడు. కొత్త ప్యాంటుతో నేల మీద పడుకుని ఫోన్ లైటు వేసి చూస్తుంటే షోరూం పిల్లోడు కంగారుపడి కార్డుబోర్డు ముక్క తెచ్చిచ్చాడు. అన్న వెతికింది ముందు చక్రాల దగ్గర. మా బొలెరో పికప్‌కి ముందూ వెనకా పట్టీలే, అంటే లీఫ్ స్ప్రింగులే. దీనికి వెనక పట్టీలు, ముందు మాత్రం కార్లకున్నట్టు చక్రం చక్రానికీ వేరే సస్పెన్షన్, కాయిల్ స్ప్రింగులు. అక్కడే ఉంది అసలు తేడా. ముందు పట్టీలుంటే బరువెంతయినా వెయ్యొచ్చు, గతుకులో నడుం విరుగుతుంది. కాయిల్ ఉంటే నడుం బతుకుతుంది, కానీ లోడు పద్ధతిగా వెయ్యాలి. పికప్ తయారుచేసేవాళ్లు ఈ రెండింటి మధ్య ఎటో ఒక పక్కకు మొగ్గక తప్పదు.

తరువాత కాగితం. పిల్లోడు బ్రోచర్ తెరిచాడు: 2.5 లీటర్ల డీజిల్ ఇంజను, 78 హార్స్‌పవర్, టార్క్ 176 న్యూటన్ మీటర్లు. మా డ్రైవరన్న వెనక నుంచి తొంగిచూసి, "మనది రెండొందలు కదన్నా" అన్నాడు. నిజమే. బొలెరో పికప్ ఇంజను 2523 సీసీ, 75 హార్స్‌పవర్, 200 న్యూటన్ మీటర్లు. గుర్రాలు మూడు తక్కువ, లాగే బలం ఎక్కువ. కాగితం మీద సొంత బండే గెలిచింది. డ్రైవరన్న ముఖం వెలిగింది. పిల్లోడు తడబడకుండా, "ఘాట్‌లో చూద్దాం సార్" అన్నాడు. ఆ మాటకు అన్నకు అతనంటే కాస్త గౌరవం కలిగిందని నాకనిపించింది.

దాణా అంగడి దగ్గర రెండు బండ్లూ నిలబెట్టాం. అన్న పథకం ఇది: భాకరాపేటలో ఒక అంగడికి దాణా ఎట్లాగూ పంపాలి. యాభై కిలోల బస్తాలు ఇందులో ఇరవై నాలుగు, అందులో ఇరవై నాలుగు. ఒకే బరువు, ఒకే ఘాట్, ఒకే ఎండ. "పాసింగ్ దాటదు కదన్నా?" అని పిల్లోడు పదేపదే అడిగాడు. దాటదని అన్న మాటిచ్చాడు. పాసింగ్ అంటే బండి కాగితాల్లో రాసి ఉన్న బరువు. మా వైపు ఆ మాటకు అర్థం కొంచెం వదులుగా ఉంటుంది. టన్నున్నర పాసింగ్ బండి మీద రెండు టన్నుల పైన వెయ్యడం పాపమని ఎవరూ అనుకోరు. డీజిలు, కిస్తీ, టోలు, హమాలీ కూలి పోగా మిగిలేది ఆ పై అరటన్నులోనే ఉందంటారు. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. కిందటి రాత్రి ముందు లారీ నుంచి వచ్చిన ఆ వాసన నా ముక్కులో ఇంకా ఉంది. కానీ పదికి కిలో అమ్మే రైతు సరుకును తక్కువ బాడుగకు మోసేవాడితో ఈ వాదన పెట్టుకోవడానికి నోరు రాలేదు.

హమాలీలు బండిని వాళ్ల పద్ధతిలో పరీక్షించారు. ఒకాయన డెక్ అంచుకు ఛాతీ ఆనించి ఎత్తు చూసుకున్నాడు. ఇంకొకాయన సైడు డోరు గడియ నాలుగుసార్లు తీసి వేశాడు. ఆ గడియ గురించి ఏ బ్రోచర్‌లోనూ ఒక్క ముక్క ఉండదు. రోజుకు ఎన్నిసార్లు తీసి వేస్తారో లెక్కే లేని ఆ గడియ బిగుసుకుపోతే వాళ్ల వేళ్లే నలుగుతాయి. వేసినాయన తల ఊపాడు.

ఎక్కేటప్పుడు నేను మా బండిలోనే, వెనక. అన్న డి-మ్యాక్స్ నడుపుతున్నాడు, పిల్లోడు పక్కన. వెనక నుంచి చూస్తే నాకు రెండు బండ్ల మధ్య తేడా గతుకుల దగ్గర తెలిసింది. రోడ్డు వెడల్పు చేసే పనులు జరుగుతున్న చోట తారు తవ్వి వదిలేశారు. ముందు బండి అక్కడ ఒకసారి వంగి లేచి సాగిపోయింది. మేం అదే గుంటలో పడి లేచేసరికి నా తల క్యాబు కప్పుకు తగిలినంత పనయింది. డ్రైవరన్న తన పరువు పోయినట్టు, "ఖాళీగా ఉంటేనే ఎక్కువ ఎగరతాది మేడం, లోడుంటే నయం" అన్నాడు. వెనక పన్నెండు క్వింటాళ్ల లోడు ఉంది మరి.

ఘాట్ ఎక్కుడు మొదలయ్యాక లెక్క మారింది. మొదటి ఎత్తులోనే మా బండి వాళ్లని అందుకుంది. ఇద్దరూ రెండో గేరులో ఉన్నారు. మలుపుల మధ్య తిన్నటి ఎక్కుళ్లలో మా బొలెరో వెనక నుంచి తరుముతున్నట్టే ఎక్కింది. డ్రైవరన్న ఒకచోట హారన్ కూడా కొట్టాడు. అడిగినప్పుడు, "దారి కోసం" అన్నాడు. ఇంజను వేగంగా తిరిగేటప్పుడు టార్క్ ఎంతన్నది కాదు, నిదానంగా తిరిగేటప్పుడు ఎంత దొరుకుతుందన్నదే ఘాట్‌లో లెక్క. ఈ రెండు ఇంజన్లూ ఆ విషయంలో పనివాళ్లే. కానీ మలుపుల దగ్గర ముందు బండి మమ్మల్ని వదిలేసి పోయేది. తల తిప్పుకుని, ఒరగకుండా మలుపు తీసుకుని పైకి పోతుంటే, మేం స్టీరింగ్ తిప్పి, లోడు సర్దుకునేదాకా ఆగి, మళ్లీ ఊపందుకునేవాళ్లం. అంతా కలిపి పైకి చేరేసరికి ఇద్దరికీ మధ్య తేడా ఒక బీడీ కాల్చినంత సేపు కూడా లేదు.

పైన ఆపగానే అన్న దిగి బానెట్ ఎత్తాడు. నేను దగ్గరికి పోయేసరికి కళ్లు మూసుకుని వాసన చూస్తున్నాడు. ఏమీ మాట్లాడలేదు. తర్వాత మా బండి బానెట్ కూడా ఎత్తి చూశాడు. అప్పుడూ మాట్లాడలేదు.

భాకరాపేటలో దాణా దించుతుంటే కొత్త బండి చుట్టూ మనుషులు మూగారు. ఇలాంటి ఊళ్లలో అసలు పరీక్ష ఇక్కడే మొదలవుతుంది. ఒక కుర్రాడు మైలేజీ అడిగాడు. పాత బండ్లు కొని అమ్మే బ్రోకరొకాయన చక్రాన్ని కాలితో తన్ని, "నాలుగేండ్లు తిప్పి నా దగ్గరికి తెస్తే ఎంతివ్వాలో నాకు తెలీదు. బొలెరో అయితే కండ్లు మూసుకుని చెప్తా" అన్నాడు. ఆయన ఇసుజును తిట్టలేదు, పొగడలేదు. కానీ మా అన్న ముఖం అప్పుడు కాస్త మారింది. పికప్ కొనేవాడు కొనేటప్పుడే అమ్మే రేటు చూసుకుంటాడు. కిస్తీలు కట్టలేని ఏడాది వస్తే ఆ రేటే ఆయన్ని ఒడ్డు చేర్చేది.

ఇంకొకాయన, మెకానిక్, బీఎస్6 గురించి మొదలుపెట్టాడు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్6 వచ్చింది, డీజిలులో సల్ఫర్ 50 పీపీఎం నుంచి 10కి దిగింది. బండ్లకు పొగలోని మసిని పట్టే ఫిల్టర్లు వచ్చాయి. ఆ మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా, వేడెక్కి పరుగెత్తాలి. తోట నుంచి యార్డుకు, యార్డు నుంచి తోటకు, రెండు మూడు కిలోమీటర్లకోసారి ఆగే బండికి ఆ అవకాశం రాదు. డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. దాన్ని ఆర్పడానికి ఇప్పుడు పానా చాలదు, ల్యాప్‌టాప్ కావాలి. "ఏ కంపెనీదైనా ఇంతే సామీ. మా చేతిలో ఉన్న విద్య సగం పోయింది" అన్నాడాయన. ఈ మాట నాకు ఆ రోజంతటిలోకీ ముఖ్యమైనదిగా తోచింది. మా వాళ్ల బ్రాండు నమ్మకమంతా అర్ధరాత్రి తలుపు తీసే మెకానిక్ మీద కట్టుకున్నది. ఆ మెకానిక్కే ల్యాప్‌టాప్ ఉన్న షోరూముకు పొమ్మంటే, పాత బండికీ పరాయి బండికీ ఉన్న దూరం సగానికి సగం తగ్గిపోతుంది. డి-మ్యాక్స్ లాంటివి మా మార్కెట్లలోకి వస్తే ఆ సందులోంచే వస్తాయని నా అంచనా.

దాణా అంగడి పెద్దాయన మాత్రం ఇసుజు పేరు వినగానే కుర్చీలోంచి లేచాడు. "ఇసుజూనా? నాకు తెలుసప్పా. అంబాసిడర్‌లో వేసినారు కదా, 1800 ఐఎస్‌జెడ్. అయిదు గేర్లు. తిరుమల కొండకి ట్యాక్సీ తిప్పినా దాన్ని. ఎట్ల ఎక్కేదనుకున్నావు!" హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు ఇసుజు ఇంజన్లను కాంటెస్సాలో, అంబాసిడర్‌లో వాడినమాట నిజమే. శ్రీసిటీ ఫ్యాక్టరీ కట్టకముందు కొన్నాళ్లు డి-మ్యాక్స్‌లు తయారైంది కూడా తిరువళ్లూరులోని హిందుస్థాన్ మోటార్స్ ప్లాంటులోనే. మా అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఈయన దగ్గర దొరికింది. ఆ సంతోషంలో ఆయన అందరికీ మజ్జిగ తెప్పించాడు.

దిగేటప్పుడు తాళం నా చేతికిచ్చాడు అన్న. పిల్లోడి గుండె జారింది పాపం. "మేడంకి ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ ఉందా అన్నా?" అక్కర్లేదని చెప్పాను. మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు సరుకు బండి నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అతను ఫోన్‌లో వెతికి చూసుకుని, సీటు బెల్టు గట్టిగా బిగించుకున్నాడు.

ఖాళీ పికప్‌ని ఘాట్ దించడం లోడు బండిని దించడం కన్నా సులువనుకుంటారు. వెనక బరువు లేకపోతే పట్టీలు బిగుసుకుని చక్రాలు ఎగురుతాయి. బ్రేకు గట్టిగా వేస్తే వెనక చక్రం జారుతుంది. మొదటి రెండు మలుపుల్లో నా భుజాలు బిగుసుకుపోయే ఉన్నాయి. మూడో మలుపు నుంచి చేతులకు నమ్మకమొచ్చింది. ముందు చక్రాలు ఎక్కడున్నాయో స్టీరింగ్ చెప్తోంది. క్లచ్ మా బండి కన్నా తేలిక. సీటు ఎత్తు, ముందు అద్దం, పక్క అద్దాలు, అన్నీ నా ఒడ్డూపొడుగుకు సరిపోయాయి. ఊరి పికప్‌లు ఆడవాళ్లెందుకు నడపరంటే సవాలక్ష కారణాలు చెప్తారు. బరువైన క్లచ్ కూడా వాటిలో ఒకటి. ఈ మాట అంటే పిల్లోడు నోట్ చేసుకున్నాడు. వాళ్ల కంపెనీ వాళ్లు దాన్ని ఏ ప్రకటనలో పెట్టుకుంటారో.

చెక్‌పోస్టులో రాత్రి నాటి మనిషి కాదు, వేరే ఆయన. ఖాళీ డెక్ చూసి, నన్ను చూసి, బండి ముందున్న పేరు చదివి, "ఏ కంపెనీ ఇది?" అన్నాడు. శ్రీసిటీలో తయారైందని చెప్తే, "మన జిల్లాదేనా!" అని ఆశ్చర్యపోయి గేటు ఎత్తాడు. ఇసుజు అనేది జపాన్‌లో ఇసే పుణ్యక్షేత్రం పక్కన పారే నది పేరు. ఆ నది పేరు పెట్టుకున్న బండి స్వర్ణముఖి వంతెన మీదుగా తిరుపతిలోకి పోతోందని నేను చెప్తే అన్నకు పట్టలేదు. ఆయన మనసులో వేరే లెక్కలు నడుస్తున్నాయి.

షోరూంలో టేబుల్ ముందు కూర్చున్నాక ఆ లెక్కలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. క్లచ్ ప్లేటు ఎంత? హెడ్‌లైట్ ఎంత? మదనపల్లెకి ఎన్ని గంటల్లో చేరుతుంది, ఎన్ని రోజుల్లో కాదు, ఎన్ని గంటల్లో? ఏ ఫైనాన్స్ వాళ్లు ఇస్తారు, ఎంత వడ్డీకి? పాత బొలెరో ఎక్స్‌ఛేంజ్ తీసుకుంటారా? పిల్లోడు కొన్నిటికి చెప్పాడు, కొన్నిటికి మేనేజరును పిలిచాడు. మాటల మధ్యలో 2025లో మహీంద్రా వాళ్లు ఎస్ఎంఎల్ ఇసుజు కంపెనీలో మెజారిటీ వాటా కొన్నారని, అందులో ఇసుజు తన వాటా కూడా వాళ్లకే అమ్మేసిందని నేనన్నాను. ఆ ఎస్ఎంఎల్ ఎవరో కాదు, పాత స్వరాజ్ మాజ్దానే. డి-మ్యాక్స్ తయారుచేసే కంపెనీ వేరు. అయినా మా డ్రైవరన్న నోరు తెరిచాడు. పొద్దుట నుంచి ఘాట్‌లో ఎవరి పరువు కోసం హారన్ కొట్టాడో ఆ కంపెనీ, ప్రత్యర్థితో ఒకే బల్ల దగ్గర కూర్చుని సంతకాలు చేసిందంటే నమ్మలేకపోయాడు. పోటీ అనేది పీలేరు టీకొట్టు దగ్గర ఉన్నంత గట్టిగా బోర్డు రూముల్లో ఉండదు మరి.

"ఏమంటావు పాపా?" అని అన్న నన్నడిగాడు, చాలాసేపటికి. నేను నా మనసులో మాట చెప్పాను: నడపడానికి ఇదే మేలు, బతకడానికి ఇంకా అదే మేలు, ఈ రెండో మాట ఇంకో అయిదేళ్లు నిలవదు. ఆయన తలూపాడు. మేనేజరు బుకింగ్ ఫారం ముందుకు జరిపి, అడ్వాన్సు ఎంతయినా పర్వాలేదన్నాడు. అప్పుడే అన్న ఫోన్ మోగింది. మండీ నుంచి. ఆ రోజు వేలంలో మొదటి రకం కిలో తొమ్మిదికి పోయింది.

అన్న ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రేటు రానీ తమ్ముడూ" అన్నాడు పిల్లోడితో. "పాతిక దాటిన రోజు నేనే ఫోన్ చేస్తా. అప్పుడు మాత్రం బండిని మదనపల్లెకే తీసుకురా. మా మెకానిక్ ఒకసారి కిందికి దూరి చూడాల."